మోటారు యంత్రమున ఆయిలు సీలు చరిత్రము

పాతకారు నిలిచిన చోట నేలపై నల్లని నూనెబొట్టు పడియుండుట మీరు చూచియే యుందురు. ఆ బొట్టు వెనుక నూఱేండ్లకు పైబడిన చరిత్రము కలదు.

ఇంజనులోని పిస్టనులు త్రిప్పు ఇరుసునకు క్రాంకుషాఫ్టని పేరు. అది నూనెలో తిరుగుచు, వెనుక రంధ్రమున వెలికివచ్చి, క్లచ్చి ద్వారా చక్రములకు బలము నందించును. ఆ రంధ్రమున ఇరుసును గట్టిగ బిగించినచో వేడెక్కును. వదులుగ విడిచినచో నూనె కారును. కారిన నూనె క్లచ్చిపై బడిన అది జాఱును. లోపల నూనె తఱిగిన బేరింగులు చెడును. బిగువునకును వదులునకును నడుమ మార్గము వెదకుటయే ఈ చరిత్రము.

1908లో వెలువడిన ఫోర్డు టీ మోడలు కారున ఈ చోట చిక్కు లేదు. ఇంజను వెనుకనున్న పెద్దచక్రమును, గేర్లును అదే నూనెలో తిరిగెడివి. పొడిగ నుండవలసిన క్లచ్చి గల కార్లకే నూనెను నిలుపవలసి వచ్చినది.

కొందఱు ఇరుసుపై మరచుట్లు చెక్కిరి. ఇరుసు తిరుగునపుడు అవి నూనెను లోపలికే మరలించును. అంబాసిడరు కారున చిరకాలము వాడిన 1489 ఘన సెంటీమీటర్ల పెట్రోలు ఇంజనులో ఈ ఉపాయమే కలదు. ఇరుసు ఆగినంతనే చుట్ల పనియు ఆగును. కావున నిలిచిన కారునుండి ఒకటిరెండు బొట్లు రాలుట వింతకాదు. మఱికొందఱు గ్రాఫైటు పట్టించిన త్రాటిని రెండు అర్ధవలయములుగ ఇరుసుచుట్టు అమర్చిరి.

జర్మనీలోని వైన్‌హైమ్ పట్టణమున ఫ్రాయిడెన్‌బర్గ్ వారు 1849 నుండి తోళ్లను పదునుచేయుచుండిరి. 1929లో మొదలైన ఆర్థికమాంద్యమున తోళ్ల వ్యాపారము సన్నగిల్లగా, వారు తోలుతో సీళ్లు చేయసాగిరి. పిమ్మట వారి ఇంజనీరు వాల్టర్ జిమ్మర్, లోహపు కవచమున మెత్తని పెదవివంటి అంచును, దానిని ఇరుసున కానించు సన్నని స్ప్రింగును కూర్చెను. మన మోటతొండమువలె తోలు తడిసిన మెత్తనగును, ఎండిన బిగియును. నూనెకు చెడని కృత్రిమ రబ్బరు 1930ల దశకమున రాగా, క్రమముగ అదియే తోలు స్థానమును పొందెను.

సీలు వెల స్వల్పమే. దానిని మార్చుటకు మాత్రము గేరుపెట్టెయో, ఇంజనో దింపవలెను. కావున ముందుగ మూడు సంగతులు చూడవలెను. ఇంజనులోని ఆవిరి వెలికిపోవు గొట్టము మూసికొని లోపల ఒత్తిడి పెరిగినదా? పైమూతనుండి కారిన నూనెయే వెనుకకు ప్రాకినదా? బేరింగు అరిగి ఇరుసు ఊగుచున్నదా? ఇవి చూడక క్రొత్తసీలు వేయుట, గట్టు తెగిన చెరువునకు తూము మార్చినట్లగును.

ఇంకొక హెచ్చరిక. పాత త్రాటిసీళ్లలో ఆస్‌బెస్టాసు నార ఉండుట కలదు. దాని దుమ్ము ఊపిరితిత్తులకు క్యాన్సరు తెచ్చును. దానిని పొడిగ గీకరాదు, గాలితో ఊదరాదు. తడిపి తీసి, సంచిలో కట్టివేయవలెను. పాతబండ్లు బాగుచేయు మీ బిడ్డలకు ఈ మాట తప్పక చెప్పుడు.