జీర్ణస్థల దర్శనము



మన ప్రాంతమునుండి ప్రతి సంవత్సరము ఎందరో బదరీ కేదారములకు, నేపాళదేశమందలి పశుపతినాథుని సన్నిధికి యాత్ర చేయుచున్నారు. పర్వతభూములను దర్శించుట పుణ్యప్రదమే. కాని అంతదూరము పోయివచ్చిన వారినే "మన ఇబ్రహీంపట్నము ప్రక్కనున్న కొండపల్లి కొండమీద ఏమున్నది?" అని అడిగినచో, "ఏదో పాతకోట ఉన్నదట" అని ఊరకుందురు. ఇంటి ముంగిటి కొండలను ఎరుగక హిమాలయములను వర్ణించుట శోభింపదు. కావున నేడు మన కొండలమీది జీర్ణస్థలములను గూర్చి, వానిని చూడవలసిన విధమును గూర్చి నాలుగు మాటలు మనవి చేయుదును.

ఒక వస్తువును తెలిసికొనుటకు మన పెద్దలు ప్రమాణములను నిర్ణయించిరి. కంటికి కనబడు శిల ప్రత్యక్షము. ఆ శిల్పపు తీరును బట్టి కాలమును ఊహించుట అనుమానము. ఆ రాతిమీద చెక్కిన శాసనము శబ్దము. తరతరములుగా జనులు చెప్పుకొను మాట ఐతిహ్యము. పౌరాణికులు ఐతిహ్యమును గూడ ప్రమాణములలో చేర్చిరి. తార్కికులు దానిని వేరు ప్రమాణముగా అంగీకరింపలేదు. శిథిలస్థలమునకు పోయినవాడు ఏ మాట ఏ ప్రమాణమువలన వచ్చినదో విచారించుకొన్నచో వాని యాత్ర సఫలమగును.

మొదట కొండపల్లి దుర్గమును చూతము. 14వ శతాబ్దమున రెడ్డిరాజుల కాలమునందు ఈ దుర్గము ప్రసిద్ధికి వచ్చినది. అటుపిమ్మట గజపతుల చేతికిని, బహమనీ సుల్తానుల చేతికిని మారినది. 1515వ సంవత్సరమున కొండవీటిని జయించిన శ్రీకృష్ణదేవరాయలు తదుపరి కొండపల్లిని ముట్టడించి గైకొనెను. ఈ కళింగ దండయాత్ర సందర్భముననే ఆయన బెజవాడలో కొన్నిదినములు విడిసి, శ్రీకాకుళమునందు ఏకాదశీ వ్రతమాచరించి, ఆంధ్రమహావిష్ణువు స్వప్నమున ఆజ్ఞాపింపగా ఆముక్తమాల్యదను రచింప పూనుకొన్నట్లు ఆ కావ్యముననే చెప్పుకొనెను. కత్తి పట్టిన చేయి ఘంటము పట్టుటకు ఈ కృష్ణాతీరమే కారణమైనదన్నమాట. తరువాత గోలకొండ కుతుబ్‌షాహీలు, మొగలులు, నిజాము ఈ దుర్గమును ఏలిరి. 1766లో ఇది ఆంగ్లేయుల వశమైనది. నేటికిని ఒక ద్వారమును గోలకొండ దర్వాజా అనియే పిలుచుచున్నారు. ఇందరు ప్రభువులు తమదే శాశ్వతమనుకొన్న ఆ గోడలనడుమ నేడు ముళ్లచెట్లు మొలచుచున్నవి. వైరాగ్యమును బోధించుటకు ఇంతకంటె వేరు గ్రంథమేల?

కోట పాడైనను కొండ క్రింది ఊరిలో ఒక విద్య బ్రతికియున్నది. తేలికయైన తెల్లపొణికి కఱ్ఱను చెక్కి, ఆరబెట్టి, చింతగింజల పిండికి రంపపుపొట్టు కలిపిన మక్కుతో అవయవములను అతికి, సుద్దపూసి రంగులు వేయుదురు. దశావతారములు, అంబారీ ఏనుగు, తాడిచెట్టు ఎక్కు గీతకార్మికుడు మన సంక్రాంతి బొమ్మల కొలువునకు వచ్చునది ఇచ్చటనుండియే. ఈ శిల్పుల పూర్వులు రాజస్థానమునుండి వచ్చిరని చెప్పుదురు. ఇది ఐతిహ్యము. ఆ పొణికిచెట్టు ఈ కొండల అడవిలో పెరుగునది. ఇది ప్రత్యక్షము. కొండను కంకరకై పగులగొట్టినచో చెట్టు ఉండదు. చెట్టు లేనిచో బొమ్మ ఉండదు. దీనిని గ్రహించుటకు అనుమాన ప్రమాణమే చాలును.

ఇక బెజవాడ ఇంద్రకీలాద్రి పాదమున అక్కన్న మాదన్న గుహలు కలవు. ఆ సోదరులిరువురు 17వ శతాబ్దమున గోలకొండ తానీషాకు మంత్రులు. ఆ గుహలో, శిల్పరీతిని బట్టి సుమారు 6, 7 శతాబ్దముల నాటివని పండితుల నిర్ణయము. అనగా పేరునకు, గుహకు నడుమ వేయి సంవత్సరముల దూరమున్నది. అంతమాత్రమున జనుల మాటను త్రోసివేయనక్కరలేదు. గుహలను ఎవరు తొలిపించిరో ఐతిహ్యము చెప్పలేదు. ఏ మంత్రులను జనులు కృతజ్ఞతతో తలచుకొనిరో మాత్రము చెప్పినది. దేనిని అడిగినచో ఏది చెప్పునో ఎరిగి అడుగవలెను.

శబ్ద ప్రమాణమునకు గొప్ప ఉదాహరణము బెజవాడలోని యుద్ధమల్లుని శాసనము. ఇది 10వ శతాబ్దపు తూర్పు చాళుక్యరాజు వేయించినది. కార్తికేయస్వామి గుడిని, దానిని ఆశ్రయించియున్న మఠమును గూర్చి చెప్పి, ఆ మఠమున గొరగలనబడు శైవులు తప్ప ఇతరులు విడియరాదని కట్టడి చేయుచున్నది. ఇదంతయు మధ్యాక్కర పద్యములలో ఉన్నది. నన్నయభట్టారకుడు 11వ శతాబ్దమువాడు. ఆయనకు సుమారు నూరేండ్లు ముందే మన ఊరిలో ఛందోబద్ధమైన తెలుగు పద్యము రాతికెక్కినదని ఆ ఒక్క శిల సాక్ష్యమిచ్చుచున్నది. ఆ రాతిని ఎవరో గడపగానో, మెట్టుగానో చెక్కి వాడుకొనియుండినచో ఈ సత్యము ఎవరికి తెలియును? పనికిరాని రాయి అని మనము త్రోసివేయుదానిలో ఏమున్నదో చదువనిదే తెలియదు.

ఏటికి ఆవలి ఉండవల్లిలో నాలుగు అంతస్తులుగా కొండను తొలిచిన గుహాలయమున్నది. అందు ఒకే శిలలో మలచిన అనంతపద్మనాభుని శయనమూర్తిని దర్శించినవాని కన్ను చెమర్చక మానదు. ఈ గుహలను విష్ణుకుండినుల కాలమునకు చెందినవిగా పలువురు చెప్పుదురు. మొదట ఇవి భిక్షువుల నివాసములై యుండవచ్చునని కొందరి అభిప్రాయము. ఈ మాట విని కొందరు భక్తులు నొచ్చుకొందురు. నొచ్చుకొనవలసినది లేదు. 7వ శతాబ్దమున చీనాదేశపు యాత్రికుడు హ్యూయన్‌త్సాంగు మన ధాన్యకటక దేశమునకు వచ్చి కొన్ని మాసములుండి శాస్త్రము చదువుకొనెను. విద్యకై విదేశీయుడు వెదకికొని వచ్చిన నేల మనది. నిజము వలన స్వామి మహిమకు లోటు రాదు. అసత్యమును ఆశ్రయించిన భక్తికే లోటు.

మరి ఇట్టి స్థలములయందు మనము ఎట్లు మెలగవలెను? మొగల్రాజపురము గుహలలో శిథిలమైపోయిన మూర్తులను చూచినచో ఈ ప్రశ్న యొక్క బరువు తెలియును.

మొదటిది, గోడలమీద పేర్లు చెక్కరాదు. శాసనము వేయించిన రాజు గుడికి ధర్మము చేసి పేరు వ్రాయించుకొనెను. మనము ఏమి చేసి వ్రాసికొనుచున్నాము? రెండవది, నిత్యార్చన లేని భగ్నమూర్తికి నూనె, పసుపు, కుంకుమ పూయుట, కర్పూరము వెలిగించుట తగదు. అంగభంగమైన బింబమునకు జీర్ణోద్ధారము జరుగనిదే అర్చన లేదని ఆగమముల మతము. మసి పట్టి, జిడ్డు పేరుకొని శిల్పము చెడుటయే దాని ఫలము. చేతులు జోడించి మనసున స్మరించిన చాలును. మూడవది, సున్నము, రంగులు వేసి బాగుచేసితిమని తలపరాదు. అది తెలిసినవారి పని. రక్షిత స్థలములకు 1958 నాటి చట్టము కూడ కలదు. నాలుగవది మిక్కిలి ఘోరమైనది. గుప్తనిధుల ఆశతో రాత్రివేళ లింగములను పెకలించుట, నందుల పొట్టలు పగులగొట్టుట అచ్చటచ్చట వినబడుచునే యున్నది. అట్టివారికి మాటసాయము చేసినవాడును ఆ పాపమున భాగస్వామియే. గ్రామస్థులు చూచి ఊరకుండరాదు. వెంటనే అధికారులకు తెలుపవలెను.

2015లో గోదావరి జలములు కాలువద్వారా ఇబ్రహీంపట్నము ఫెర్రీవద్ద కృష్ణమ్మను చేరినవి. ఆ స్థలమునకు పవిత్ర సంగమమని పేరు వచ్చినది. 2016 పుష్కరములలో లక్షలాది జనులు కృష్ణలో స్నానమాడిరి. మరల 2028లో కృష్ణా పుష్కరము వచ్చును. అప్పుడు దూరపు బంధువులు మన ఇండ్లకు వత్తురు. వారిని స్నానమునకు తోడ్కొని పోవుటతోబాటు ఒక పూట ఈ కొండలలో ఒకదానిని ఎక్కింపుడు. పిల్లలకు ఏది ప్రత్యక్షమో, ఏది శాసనమో, ఏది పెద్దల మాటయో విడమరచి చెప్పుడు. చూచిన రాయిని చూచినట్లే విడిచి దిగిరండు. దీపము వెలుగని గుడిని కాపాడుటయు దేవతాసేవయే.

స్వస్తి.