వాటర్ స్పోర్ట్స్ బోటుకు ఏ ప్రొపెల్లర్ మంచిది? కొనేముందు తెలుసుకోవాల్సిన విషయాలు

తిరుమలగిరి: సికింద్రాబాద్ కంటోన్మెంటులోని తిరుమలగిరికీ హుస్సేన్ సాగర్‌కూ ఒక బంధం ఉంది. ఆర్మీ ఇంజనీర్లను తయారుచేసే ఎం.సి.ఇ.ఎం.ఇ. కళాశాల ఇక్కడే ఉంది. అదే ఇ.ఎం.ఇ. విభాగానికి చెందిన సెయిలింగ్ అసోసియేషన్ హుస్సేన్ సాగర్‌లో తెరచాప పడవల శిక్షణ నడుపుతోంది. కుతుబ్ షాహీల కాలంలో హజ్రత్ హుస్సేన్ షా వలీ పర్యవేక్షణలో తవ్విన ఈ చెరువులో ఇప్పుడు స్పీడ్ బోట్లూ తిరుగుతున్నాయి. తెరచాప పడవకు ప్రొపెల్లర్ అక్కర్లేదు. కానీ పడవ బోల్తా పడినప్పుడు పిల్లల దగ్గరకు వెళ్లే రెస్క్యూ బోటుకు, స్కీయింగ్ చేసేవారిని లాగే బోటుకు అదే ప్రాణం. బోటు నడిపేవాళ్లు దీన్ని ‘ఫ్యాన్’ అని కూడా అంటుంటారు. ఎంపికలో పొరపాటు జరిగితే ఇంజిన్ పాడవుతుంది. వాడకంలో పొరపాటు జరిగితే మనిషికే ప్రమాదం.

దానిమీద ఉండే అంకెలు

ప్రొపెల్లర్ మీద ‘13 x 19’ లాంటి అంకెలు ఉంటాయి. మొదటిది వ్యాసం, అంటే రెక్కల చివరలు తిరిగే వలయం వెడల్పు 13 అంగుళాలు. రెండోది పిచ్. మెత్తటి చెక్కలో స్క్రూ దిగినట్టు, ఒక్క చుట్టుకు ప్రొపెల్లర్ ఎంత దూరం ముందుకు పోవాలో చెప్పే కొలత అది. నీళ్లు చెక్కలా గట్టిగా ఉండవు కాబట్టి కొంత జారుడు తప్పదు. మామూలుగా 10 నుంచి 20 శాతం వరకు ఉంటుంది.

పిచ్‌ను గేర్లతో పోల్చుకోవచ్చు. ఎక్కువ పిచ్ అంటే టాప్ గేర్: స్పీడు వస్తుంది కానీ ఎత్తుగడలో బలం ఉండదు. తక్కువ పిచ్ అంటే ఫస్ట్ గేర్: లాగే బలం బాగుంటుంది. నీళ్లలో కూర్చున్న స్కీయర్‌ను పైకి లేపాలంటే ఆ లాగే బలమే కావాలి.

అసలు పరీక్ష ఇదీ

షాపులో అడిగి కొనడం కన్నా నీళ్లలో చూడటం మేలు. ఎప్పుడూ ఎక్కేంత మందిని ఎక్కించి, సామాను, ఇంధనం పెట్టి, నీళ్లు ప్రశాంతంగా, ఎదర ఖాళీగా ఉన్నచోట ఫుల్ థ్రాటిల్ ఇచ్చి ఆర్‌పీఎం మీటర్ చూడాలి. ఇంజిన్ మాన్యువల్‌లో ఫుల్ థ్రాటిల్‌కు ఒక హద్దు రాసి ఉంటుంది. చాలా అవుట్‌బోర్డ్ ఇంజిన్లకు అది 5,000 నుంచి 6,000 మధ్య ఉంటుంది. ఆ హద్దులో పై సగానికి చేరితే ప్రొపెల్లర్ సరిపోయినట్టే.

చేరకపోతే పిచ్ ఎక్కువైంది. ఇంజిన్ మూలుగుతూ భారం మోస్తుంది, లోపలి భాగాలు తొందరగా అరిగిపోతాయి. హద్దు దాటితే పిచ్ తక్కువైంది. పిచ్ ఒక అంగుళం తగ్గిస్తే దాదాపు 150 నుంచి 200 ఆర్‌పీఎం పెరుగుతుందనేది వాడుకలో ఉన్న లెక్క.

ఉదాహరణకు 19 పిచ్‌తో 5,000 దగ్గరే ఆగిపోయే బోటుకు 17 పిచ్ వేస్తే 5,400 దాకా రావచ్చు. ‘మరి స్పీడు పోదా?’ అని అడిగేవాళ్లుంటారు. గేర్ నిష్పత్తి 2 అయితే 5,400 ఆర్‌పీఎం దగ్గర ప్రొపెల్లర్ నిమిషానికి 2,700 చుట్లు తిరుగుతుంది. 15 శాతం జారుడు తీసేసినా గంటకు సుమారు 59 కిలోమీటర్లు వస్తుంది. పోటీ స్థాయి స్లాలమ్ స్కీయింగ్‌లో బోటు గరిష్ఠ వేగమే 58 కిలోమీటర్లు. వేక్‌బోర్డుకు 35 చాలు. ట్యూబ్ మీద కూర్చున్న పిల్లలకు 20, 25 కూడా ఎక్కువే. కాబట్టి వాటర్ స్పోర్ట్స్ బోటుకు టాప్ స్పీడు కోసం పిచ్ పెంచడం వల్ల ఒరిగేదేమీ లేదు.

హైదరాబాద్ ఎత్తు లెక్క

హుస్సేన్ సాగర్ నీటిమట్టం సముద్రానికి సుమారు 513 మీటర్ల ఎత్తున ఉంటుంది. పైకి వెళ్లేకొద్దీ గాలి పలచబడి, టర్బో లేని ఇంజిన్ శక్తి ప్రతి 1,000 అడుగులకు దాదాపు 3 శాతం తగ్గుతుంది. అంటే ఇక్కడ 100 హార్స్‌పవర్ ఇంజిన్ 95 దగ్గరే పనిచేస్తుంది. ఎండాకాలం వేడికి ఇంకాస్త తగ్గుతుంది. అందుకే విశాఖ రుషికొండ తీరంలో బాగా నడిచిన ప్రొపెల్లర్ ఇక్కడ బరువనిపించవచ్చు. ఇక్కడ సరిపోయింది అక్కడికి తీసుకెళ్తే హద్దు దాటవచ్చు. చోటు మారితే పరీక్ష మళ్లీ చేయాల్సిందే.

మూడు రెక్కలా, నాలుగా?

మూడు రెక్కలది అన్ని పనులకూ పనికొస్తుంది, ధర తక్కువ. నాలుగు రెక్కలది నీళ్లను గట్టిగా పట్టుకుంటుంది. బోటు త్వరగా లేస్తుంది, తక్కువ వేగంలోనూ నిలకడగా సాగుతుంది, వణుకు తక్కువ. టాప్ స్పీడు కాస్త తగ్గుతుంది. నాలుగు రెక్కలకు మారేటప్పుడు సాధారణంగా పిచ్ ఒక అంగుళం తగ్గిస్తారు.

స్టెయిన్‌లెస్ స్టీల్ గట్టిది, రెక్క పలచగా ఉండి వంగదు. కానీ ఖరీదు ఎక్కువ. అల్యూమినియం చవక, తగిలితే వంగుతుంది, చాలాసార్లు బాగుచేయించుకోవచ్చు. గుర్రపుడెక్క, ప్లాస్టిక్ కవర్లు, నీళ్లలో మునిగిన ఇనుప ముక్కలు ఎదురయ్యే నగర చెరువుల్లో మామూలు వాడకానికి అల్యూమినియమే వేసుకుని, ఒకటి స్పేర్‌గా బోటులో ఉంచుకోవడం తెలివైన పని. దెబ్బ తగిలినప్పుడు గేర్లను కాపాడేందుకు మధ్యలో రబ్బరు హబ్ ఉంటుంది. ఇంజిన్ అరుస్తున్నా బోటు కదలకపోతే ముందు రెక్కలకు ఏమైనా చుట్టుకుందేమో, తర్వాత ఆ హబ్ జారిందేమో చూడాలి. ఇంజిన్ ఆపి తాళం తీశాకే చేయి పెట్టాలి.

నీళ్లలో మనిషి ఉన్నప్పుడు

పై ఉదాహరణలోని మూడు రెక్కల ప్రొపెల్లర్ సెకనుకు 45 చుట్లు తిరుగుతుంది. అంటే ఒకే చోట సెకనుకు 135 సార్లు రెక్క తగులుతుంది. తప్పించుకునే సమయం ఎవరికీ ఉండదు. చుట్టూ రింగులా ఉండే గార్డ్ కొంత రక్షణ ఇస్తుంది, స్పీడు మాత్రం తగ్గిస్తుంది. గార్డ్ ఉంది కదా అని ధీమా పనికిరాదు.

పడిపోయిన వారిని ఎక్కించుకునేటప్పుడు న్యూట్రల్ సరిపోదు, ఇంజిన్ పూర్తిగా ఆపాలి. వెనక్కి నడుపుతూ వారి దగ్గరకు వెళ్లకూడదు. నడిపేవారు కిల్ స్విచ్ తాడు ఒంటికి తగిలించుకోవాలి. వారు కాక, వెనక్కి చూస్తూ ఉండేందుకు మరొకరు తప్పనిసరి. అవుట్‌బోర్డ్ బోటు వెనకాల వేక్‌సర్ఫింగ్ అస్సలు చేయకూడదు, ప్రొపెల్లర్ మనిషికి మరీ దగ్గరగా ఉంటుంది. కుటుంబంతో వెళ్లినవాళ్లు దుపట్టాలు, బురఖా అంచులు, లాగే తాళ్లు బోటు వెనక నీళ్లలోకి వేలాడకుండా చూసుకోవాలి.

సెలవు రోజున పిల్లలను బోటెక్కించే తల్లిదండ్రులు లైఫ్ జాకెట్‌తో పాటు ఇంకో మాట కూడా అడగాలి: ‘పిల్లాడు నీళ్లలో పడితే ఇంజిన్ ఎప్పుడు ఆపుతారు?’ దగ్గరికి రాకముందే ఆపుతామని వెంటనే చెప్పగలిగిన వారి బోటే ఎక్కాలి.