కారుకి పాలిష్ కొట్టించారా? వ్యాక్స్ వేసే ముందు ఈ ఒక్క పని మరిచిపోతే మెరుపు నిలవదు!

పలమనేరు: పాలిష్ కొట్టించిన రోజు కారు అద్దంలా మెరిసిపోతుంది. నాలుగు వాటర్ వాష్‌లు అయ్యాక చూస్తే బానెట్ మీద మళ్లీ అవే సాలెగూడు గీతలు. వేసిన వ్యాక్స్ ఏమైపోయిందో అర్థం కాదు. వ్యాక్స్ మంచిది కాదేమో అనుకుంటాం, లేదంటే షాపువాళ్లని తిట్టుకుంటాం. కానీ చాలాసార్లు అసలు కారణం వేరే ఉంటుంది. పాలిష్‌కీ వ్యాక్స్‌కీ మధ్యలో అరగంట నుంచి ముప్పావుగంట పట్టే ఒక చిన్న పని ఉంది. అదే పెయింట్ మీద మిగిలిన పాలిష్ జిడ్డుని పూర్తిగా తుడిచేయడం. డిటైలింగ్ షాపుల్లో దీన్ని ప్యానెల్ వైప్ అంటారు. ఇది ఎందుకు చేయాలి? ఇంట్లోనే ఎలా చేసుకోవాలి? షాపులో ఇస్తే ఏం అడగాలి? ఇప్పుడు తెలుసుకుందాం.

మన రోడ్ల మీద పెయింట్‌కి ఏమవుతుంది?

పలమనేరు రెండు జాతీయ రహదారులు కలిసే ఊరు. చిత్తూరు నుంచి ముళబాగిలు వైపు వెళ్లే 69వ నంబరు హైవే, మదనపల్లె, పుంగనూరు నుంచి కుప్పం వైపు వెళ్లే 42వ నంబరు హైవే ఇక్కడి మీదుగానే వెళ్తాయి. టమాటా లారీలు, గ్రానైట్ బండ్లు, బస్సులు తిరిగే దారులివి. మొగిలి ఘాట్ దిగేటప్పుడు బ్రేకులు ఎక్కువగా వేయాల్సిందే. బ్రేక్ ప్యాడ్లు, డిస్కుల నుంచి రాలే ఇనుప పొడి, రాతి దుమ్ము, రాత్రిపూట అద్దానికీ బానెట్‌కీ తగిలే పురుగులు, అన్నీ పెయింట్ మీదే చేరతాయి.

పొద్దున్నే ఆ దుమ్ముని పొడి గుడ్డతో తుడిచేయడం మనకి అలవాటు. గుడ్డ కింద చిక్కుకున్న ఇసుక రేణువు గరుకు కాగితంలా పనిచేస్తుంది. ఎండలో బానెట్ మీద గుండ్రంగా కనిపించే సన్న గీతలు ఎక్కువగా ఇలా వచ్చినవే. వాటిని తీయడానికే పాలిష్. అంటే కారు పైపొర అయిన క్లియర్‌కోట్‌ని చాలా కొద్దిగా అరగదీయడం. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన కార్లలో ఈ పొర మందం మామూలుగా 40 నుంచి 50 మైక్రాన్లు. మన తల వెంట్రుక కంటే పలుచన. కాబట్టి పాలిష్ మళ్లీ మళ్లీ కొట్టించే పని కాదు. కొట్టించిన ప్రతిసారీ ఫలితం నిలబడాలి.

పాలిష్ తర్వాత పెయింట్ మీద ఏం మిగులుతుంది?

పాలిష్ డబ్బాలో అరగదీసే పొడి ఒక్కటే ఉండదు. ప్యాడ్ సాఫీగా తిరగడానికి నూనెలు కలుపుతారు. కొన్నింటిలో గీతల్ని నింపి కప్పేసే ఫిల్లర్లు కూడా ఉంటాయి. పని అయ్యాక పైపైన తుడిచినా పలుచటి జిడ్డు పొర మిగిలిపోతుంది.

ఈ జిడ్డుతో రెండు ఇబ్బందులు. మొదటిది, అది గీతల్ని దాచేస్తుంది. అరుగు మీది పాత గ్రానైట్ బండ మీద నీళ్లు చల్లి చూడండి. గీతలు మాయమై నల్లగా నిగనిగలాడుతుంది. ఆరిందంటే మళ్లీ అన్నీ కనిపిస్తాయి. కారు మీద పాలిష్ నూనె చేసేదీ ఇదే. గీత పోయిందా, నూనె కింద దాక్కుందా అనేది అప్పటికప్పుడు చెప్పలేం. నాలుగు వాష్‌లు అయ్యాక నూనె పోతుంది, గీత తిరిగొస్తుంది.

రెండోది, పట్టు దొరకదు. జిడ్డు గోడకి సున్నం పట్టదు కదా. సీలెంట్, సిరామిక్ కోటింగ్ లాంటివి నేరుగా క్లియర్‌కోట్‌కి అంటుకుంటేనే ఎక్కువ రోజులు ఉంటాయి. మధ్యలో నూనె ఉంటే అవి నూనెకి అంటుకుంటాయి. నూనెతో పాటే అవీ పోతాయి.

అందరికీ తప్పనిసరేనా?

సిరామిక్ కోటింగ్ వేయించుకునేవాళ్లకి తప్పనిసరి. సింథటిక్ సీలెంట్ వేసేవాళ్లు కూడా చేయడమే మంచిది. డబ్బాలో గట్టిగా ఉండే కార్నౌబా వ్యాక్స్ అయితే అంత పట్టింపు లేదు. బ్రెజిల్‌లో పెరిగే ఒక తాటి జాతి చెట్టు ఆకుల నుంచి తీసే మైనం ఇది. దానిలోనే నూనెలు, సాల్వెంట్లు కలిపి ఉంటాయి కాబట్టి కొద్దిపాటి జిడ్డున్నా కూర్చుంటుంది. ఒకే సీసాలో పాలిష్, వ్యాక్స్ కలిపి వచ్చే రకాలకి మధ్యలో తుడవడం అనే మాటే లేదు. పాలిష్, సీలెంట్ రెండూ ఒకే కంపెనీవి అయి, మధ్యలో తుడవనక్కర్లేదని సీసా మీద రాసి ఉంటే దాన్నే పాటించండి.

అయితే మీరు ఏది వేసినా, గీతలు నిజంగా పోయాయో లేదో చూసుకోవాలంటే మాత్రం ఒకసారి తుడిచి చూడాల్సిందే.

ఏమేం కావాలి?

• ఐసోప్రొపైల్ ఆల్కహాల్. కెమికల్ షాపుల్లో, ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. లేబుల్ మీద ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నీళ్లు తప్ప మరేమీ ఉండకూడదు.
• డిస్టిల్డ్ వాటర్. బ్యాటరీలో పోయడానికి అమ్మే నీళ్లు సరిపోతాయి. బోరు నీళ్లు వద్దు. మన వైపు చాలా బోర్లలో నీళ్లు ఉప్పగా, గట్టిగా ఉంటాయి. ఆరితే తెల్లమచ్చలు పడతాయి.
• స్ప్రే బాటిల్, నాలుగైదు శుభ్రమైన మైక్రోఫైబర్ క్లాత్‌లు. వాటిని ఉతికేటప్పుడు ఫ్యాబ్రిక్ కండిషనర్ వాడొద్దు. అదే మళ్లీ జిడ్డు పూస్తుంది.
• మంచి టార్చ్. ఫోన్ లైట్ అయినా పర్వాలేదు.

కలిపే లెక్క: 70 శాతం ఆల్కహాల్ అర లీటరుకి ఒక లీటరు డిస్టిల్డ్ వాటర్ కలిపితే సుమారు 23 శాతం ద్రావణం వస్తుంది. 10 నుంచి 25 శాతం మధ్య ఉంటే చాలు. ఘాటుగా ఉంటే బాగా పనిచేస్తుందనుకుని నేరుగా కొట్టొద్దు. తుడిచేలోపే ఆరిపోతుంది, క్లాత్ రాపిడి పెరుగుతుంది, కొన్ని పెయింట్లు మెత్తబడే ప్రమాదమూ ఉంది. కలుపుకునే గొడవ లేకుండా ప్యానెల్ వైప్ పేరుతో రెడీమేడ్ సీసాలు కూడా వస్తున్నాయి.

స్టెప్ బై స్టెప్ ఇలా చేయండి

1. పాలిష్‌కి ముందే కారుని షాంపూతో కడిగి, క్లే బార్‌తో ఇనుప పొడి, తారు మచ్చలు తీసి ఉండాలి. ప్యానెల్ వైప్ అనేది పాలిష్ పూర్తయ్యాక చేసేది.

2. కారు నీడలో ఉండాలి. బానెట్ మీద చేయి పెడితే చల్లగా తగలాలి. ఎండలో నుంచి తెచ్చిన కారైతే పూర్తిగా చల్లారనివ్వండి.

3. పాలిష్ పొడి సందుల్లో ఉంటే ముందు మెత్తటి బ్రష్‌తో దులిపేయండి. లేదంటే అదే పొడి క్లాత్ కిందికి చేరి కొత్త గీతలు పడతాయి.

4. మొదట కనిపించని మూల, అంటే డోర్ కింది అంచు దగ్గర కొంచెం తుడిచి చూడండి. క్లాత్‌కి కారు రంగు అంటుకుంటే అది క్లియర్‌కోట్ లేని పాతరకం పెయింట్ అయి ఉండొచ్చు. గట్టిగా రుద్దకుండా ఆపేసి, తెలిసినవాళ్లని అడగండి.

5. రెండడుగుల చోటు చొప్పున తీసుకోండి. క్లాత్‌ని నాలుగు మడతలు పెట్టి, ప్యానెల్ మీద రెండు మూడు సార్లు స్ప్రే కొట్టండి. పది సెకన్లు ఆగి, బరువు మోపకుండా ఒకే దిశలో తుడవండి. ఆరేలోపే రెండో పొడి క్లాత్‌తో మరోసారి తుడవాలి.

6. క్లాత్ మడత మారుస్తూ ఉండండి. నాలుగు మడతలు పెట్టిన క్లాత్‌కి రెండు వైపులా కలిపి ఎనిమిది ముఖాలు వస్తాయి. జిడ్డు పట్టిన ముఖంతోనే తుడిస్తే జిడ్డుని ఒకచోటి నుంచి ఇంకోచోటికి మార్చినట్టే.

7. ఇప్పుడు టార్చ్ వేసి పక్కనుంచి చూడండి. గీతలు కనిపించకపోతే పాలిష్ సరిగ్గా పడినట్టు. కనిపిస్తే వ్యాక్స్ డబ్బా పక్కన పెట్టి, ఆ చోట మళ్లీ పాలిష్ చేయాలి. ఈ ఒక్క చూపు కోసమే ఇంత శ్రమ.

8. అంతా అయ్యాక చేత్తో ముట్టుకోవద్దు. చేతి జిడ్డు మళ్లీ అంటుతుంది. దుమ్ము వాలకముందే సీలెంట్ లేదా వ్యాక్స్ పలుచగా పట్టించండి. నల్ల ప్లాస్టిక్ భాగాలకి ముందే మాస్కింగ్ టేప్ అంటిస్తే తెల్లమరకలు పడవు.

ఇవి మాత్రం వాడొద్దు

శానిటైజర్: ఇంట్లో మిగిలిపోయిన సీసా చాలామందికి గుర్తొస్తుంది. చేతులు పొడిబారకుండా అందులో గ్లిజరిన్ లాంటివి కలుపుతారు. అది పెయింట్ మీదే ఉండిపోతుంది.

కిరోసిన్, డీజిల్: తుడిచిన వెంటనే మెరుపు వచ్చినట్టు కనిపిస్తుంది. అదీ నూనె మెరుపే. తీయాల్సిన జిడ్డునే మళ్లీ పూసినట్టవుతుంది.

థిన్నర్, పెట్రోల్: థిన్నర్ పెయింట్‌నే కరిగించగలదు. పెట్రోల్‌కి మంట భయం ఒకటి, పెయింట్ పాడయ్యే భయం ఇంకొకటి.

జాగ్రత్త: ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌కి కూడా తేలిగ్గా నిప్పంటుకుంటుంది. దాని ఆవిరి గాలి కంటే బరువైనది, నేల వెంట పాకుతుంది. తలుపులు మూసిన షెడ్‌లో వాడొద్దు. బీడీ, సిగరెట్, దీపం, కర్పూరం దగ్గర్లో ఉండకూడదు. ఆయుధ పూజ రోజు బండి తుడిచి, పక్కనే సీసా పెట్టుకుని హారతి ఇవ్వడం అస్సలు వద్దు. పిల్లలకి అందకుండా పెట్టండి.

పూజ చేయించిన కారైతే?

కొత్త బండి కొంటే కాణిపాకం వరసిద్ధి వినాయకుడి దగ్గర పూజ చేయించడం మన దగ్గర మామూలే. పసుపు, కుంకుమ, విభూతి బానెట్ మీద ఎండిపోయాక పొడి గుడ్డతో రుద్దితే గీతలు పడతాయి. ముందు నీళ్లు పోసి నాననిచ్చి, తర్వాత షాంపూతో కడగండి. కోటింగ్ వేయించాలనుకుంటే పూజ ముందు చేయించి తర్వాత వేయించుకోవడం సులువు. కోటింగ్ ముందే వేయించి ఉంటే, అది పూర్తిగా గట్టిపడేదాకా బొట్లు పెట్టకుండా ఆగండి.

యాక్సిడెంట్ రిపేర్ అయిన కారైతే?

షెడ్‌లో కొత్తగా పెయింట్ వేసిన డోర్, బంపర్ మీద వెంటనే వ్యాక్స్ గానీ సీలెంట్ గానీ వేయొద్దు. పెయింట్‌లోని సాల్వెంట్ బయటికి పోవడానికి సమయం పడుతుంది. పెయింట్ రకాన్ని బట్టి సాధారణంగా 30 నుంచి 90 రోజులు ఆగమంటారు. ఎన్ని రోజులనేది పెయింట్ వేసినవాళ్లనే అడగండి. అప్పటిదాకా ఆల్కహాల్‌తో తుడవడం కూడా వద్దు.

ఎప్పుడు చేస్తే మంచిది?

పలమనేరు ఎత్తైన ప్రాంతం. చలికాలం పొద్దున్నే కారు నిండా మంచు కురిసి ఉంటుంది. తడి పెయింట్ మీద సీలెంట్ పట్టదు. ఎండ వచ్చి తేమ ఆరాక, నీడలో పని మొదలుపెట్టండి. వేశాక ఎన్ని గంటలు నీళ్లు తగలకూడదో సీసా మీద రాసి ఉంటుంది. ఆ రాత్రి కారుని షెడ్‌లో పెట్టుకోండి. అక్టోబరు, నవంబరుల్లో అయితే వాన కబురు చూసుకుని పెట్టుకోండి.

షాపులో ఇస్తున్నారా? ఈ మూడు అడగండి

• పాలిష్ అయ్యాక ఏంతో తుడుస్తారు?
• వ్యాక్స్ వేసే ముందు ఒకసారి నాకు చూపిస్తారా?
• ఒక్క ప్యానెల్ నా ముందు తుడిచి, లైట్ వేసి చూపిస్తారా?

పని తెలిసినవాళ్లు ఈ ప్రశ్నలకి విసుక్కోరు. కొన్ని గీతలు లోతుగా ఉంటాయి, అవి పోవని కూడా ముందే చెప్తారు. గోరు తగిలి ఆగేంత లోతున్న గీతని పాలిష్‌తో తీయాలంటే క్లియర్‌కోటే అయిపోతుంది. అలాంటిదాన్ని వదిలేయడమే మేలు. డెలివరీ తీసుకునే రోజు మెరుపు చూసి డబ్బు కట్టడం కంటే, వ్యాక్స్‌కి ముందు జిడ్డు లేని పెయింట్ చూసి ఒప్పుకోవడం మంచిది. అప్పుడు కనిపించే మెరుపు కారుదే, నూనెది కాదు.