తలకి అడ్డం ఎప్పుడొచ్చింది?



సంక్రాంతి టోర్నీలు దగ్గరికొచ్చాయి. ఊళ్ళో టెన్నిస్ బాల్‌తో ఆడే మనవాళ్ళు చదువుకని కోరుకొండ, రాజమండ్రి వచ్చాక కార్క్ బాల్ పట్టుకుంటున్నారు. అందుకే ఈ పోస్టు.

తెలుగు కుటుంబంలో పుట్టిన సి.కె. నాయుడు 1932లో లార్డ్స్‌లో మన దేశపు తొలి టెస్టుకి కెప్టెన్. ఫీల్డింగ్‌లో చేతికి దెబ్బ తగిలినా తొలి ఇన్నింగ్స్‌లో 40 పరుగులు చేశాడు, జట్టులో అదే ఎక్కువ. 56 ఏళ్ళ వయసులో రంజీ ఆడుతుంటే ఫడ్కర్ వేసిన బంతికి పళ్ళు ఊడినా క్రీజు వదల్లేదని చెప్తారు. ఈ కథ వినగానే చప్పట్లు కొడతాం. కానీ అప్పుడు కాళ్ళకి ప్యాడ్లు, చేతులకి గ్లవ్స్ ఉన్నాయి, తలకి మాత్రం గుడ్డ టోపీయే.

1962లో బార్బడోస్‌లో గ్రిఫిత్ బంతి తగిలి మన కెప్టెన్ నారీ కాంట్రాక్టర్ పుర్రె పగిలింది. వెస్టిండీస్ కెప్టెన్ ఫ్రాంక్ వోరెల్ కూడా రక్తమిచ్చాడు. కాంట్రాక్టర్ బతికాడు గానీ మళ్ళీ టెస్టు ఆడలేదు. అయినా టెస్టుల్లోకి హెల్మెట్ రావడానికి ఇంకో 16 ఏళ్ళు పట్టింది. 1978లో అదే బార్బడోస్‌లో ఆస్ట్రేలియా ఆటగాడు గ్రాహం యాలప్ పెట్టుకొస్తే జనం గేలి చేశారు!

హెల్మెట్ ఉంటే చాలా అంటే, అదీ కాదు. అమెరికన్ ఫుట్‌బాల్‌లో గట్టి ప్లాస్టిక్ హెల్మెట్లు వచ్చాక ఆటగాళ్ళు తలతోనే పొడవడం మొదలెట్టారు. తల సంగతేమో గానీ మెడలు విరిగాయి. 1976లో స్కూళ్ళు, కాలేజీల ఆటలో తలతో గుద్దడం నిషేధించాకే ఆ గాయాలు బాగా తగ్గాయి. అంటే వస్తువుతో పాటు రూలూ మారాలి. క్రికెట్‌లో 2014లో ఫిలిప్ హ్యూస్‌కి హెల్మెట్ ఉంది, బంతి అది కప్పని మెడ దగ్గర తగిలింది, రెండు రోజులకి చనిపోయాడు. ఆ తర్వాతే మెడ వెనక గార్డులు వాడకంలోకి వచ్చాయి. తలకి దెబ్బ తగిలినవాడి బదులు ఇంకొకర్ని ఆడించే రూల్ అంతర్జాతీయ క్రికెట్‌లో 2019లో వచ్చింది.

నన్ను ఎక్కువ బాధపెట్టేది రమణ్ లాంబా సంగతి. 1998లో ఢాకాలో షార్ట్ లెగ్‌లో నిలబడ్డాడు. హెల్మెట్ తెప్పించమంటావా అని అడిగితే, ఓవర్‌లో మిగిలింది కొన్ని బంతులేగా, వద్దన్నాడు. బంతి తలకి తగిలింది. మూడు రోజుల తర్వాత ప్రాణం పోయింది.

మన టీముల్లో ప్యాడ్లే ఇద్దరు పంచుకుంటారు, ఒక్కో కాలికి ఒకటి. ఈసారి జెర్సీల చందాలోంచి ముందు హెల్మెట్లు కొందాం, బ్యాటర్లిద్దరికీ, కీపర్‌కీ. అవి వచ్చేదాకా టెన్నిస్ బాలే. ఏ టీము ఒప్పుకుంటుందో కింద రాయండి.