మతిమరుపు జబ్బుకు మూలకణాలు: ఆశ ఎక్కడ పుట్టింది?

మూలకణ వైద్యం చరిత్రను మన పత్రికలు ఒకే మూసలో రాస్తున్నాయి. మెదడు కణం చస్తే మళ్ళీ పుట్టదని పాత శాస్త్రం అంది. అది తప్పని 1998లో తేలింది. కాబట్టి కొత్త కణాలు నాటితే పోయిన జ్ఞాపకం తిరిగొస్తుంది. ఈ ‘కాబట్టి’ దగ్గరే నాకు పేచీ.

మొదటి ఘట్టాలు తెలిసినవే. ఎలుక మెదడులో జ్ఞాపకానికి కీలకమైన హిప్పోకాంపస్‌లో పుట్టాక కూడా కొత్త కణాలు వస్తాయని ఆల్ట్‌మన్, గోపాల్ దాస్ 1965లోనే చూపితే పట్టించుకున్నవాళ్ళు తక్కువ. 1998లో ఎరిక్సన్, గేజ్ బృందం మనిషిలోనూ అదే చూశామంది. (ఆ తగాదా ఇంకా తెగలేదు. 2018లో, నెల తేడాతో, ఒక బృందం పెద్దల్లో కొత్త కణాలు లేవంది, మరొకటి ఉన్నాయంది.)

అల్జీమర్స్ ఈ కథలో ముందు వరసకి వచ్చింది మాత్రం రాజకీయం దారినే అనుకుంటాను. 2001 ఆగస్టులో అమెరికా అధ్యక్షుడు బుష్ పిండ మూలకణాల పరిశోధనకు ఫెడరల్ నిధులు బిగించాడు. 2004 జూన్‌లో మాజీ అధ్యక్షుడు రేగన్ అల్జీమర్స్‌తో పోయాడు. ఆయన భార్య నాన్సీ అప్పటికే ఈ పరిశోధన వైపు నిలబడింది. నిధులుంటే మందు దొరికేదన్న మాట అప్పుడే బలపడింది. నిధుల కోత చేసిన నష్టాన్ని కాదనను. కానీ అదే నెలలో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల మూలకణ పరిశోధకుడు రోనాల్డ్ మెక్‌కే, ఇది జనం కోరుకునే కట్టుకథ అన్న అర్థంలో వాషింగ్టన్ పోస్ట్‌తో అన్నాడు. పార్కిన్సన్స్‌లో ప్రధానంగా దెబ్బతినేది ఒకచోట ఉన్న ఒక రకం కణాలు. అల్జీమర్స్‌లో మెదడు పొడుగునా రకరకాల కణాలు, వాటి మధ్య లంకెలు పోతాయి. ఏది ఎక్కడ నాటాలి?

2009లో ఇర్వైన్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం చేసిన ఎలుకల ప్రయోగాన్ని ‘నాటు’ వాదులు తరచూ సాక్ష్యానికి పిలుస్తారు. మూలకణాలు ఎక్కించిన ముసలి ఎలుకలకు జ్ఞాపకం మెరుగైన మాట నిజమే. అయితే న్యూరాన్లుగా మారినవి 6 శాతమే. అల్జీమర్స్ మెదడులో పేరుకునే అమిలాయిడ్ గడ్డలు తగ్గలేదు. మేలు చేసింది కణాలు విడిచిన బీడీఎన్‌ఎఫ్ అనే ప్రోటీన్. దాన్ని తగ్గించిన కణాలతో ఆ ఫలితం రాలేదు. అంటే ఆ కణాలు చేసింది నర్సు పనే, వారసుడి పని కాదు. సాక్షి ఎదుటి పక్షానికే చెప్పినట్టయింది.

2015లో సియోల్ వైద్యులు తొమ్మిది మంది రోగుల మెదడులోకే బొడ్డుతాడు రక్తపు కణాలు ఎక్కించిన ఫలితాలు ప్రచురించారు. ప్రమాదమేమీ జరగలేదు, జబ్బూ నెమ్మదించలేదు. 2025లో వెలువడిన ఒక అమెరికన్ ప్రయోగంలో మెదడు కుంచించుకుపోవడం కొంత తగ్గినట్టు కనిపించింది. రోగులు 49 మందే. అదీ వాపును అదుపు చేయాలన్న ఆలోచనే తప్ప కణం బదులు కణం పెట్టడం కాదు. ఈ దారి నడవదగిందే, కానీ అమ్మదగిన సరుకు ఇంకా కాలేదు.

అయినా అమ్ముతున్నారు. రక్త వ్యాధుల్లాంటి కొన్నిటికి తప్ప మూలకణ వైద్యం అనుమతి పొందిన ప్రయోగాల్లోనే జరగాలని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాలు చెబుతున్నాయి. నాన్నను వెంటబెట్టుకొని వచ్చిన కొడుక్కి ఆ కాగితం చూపించే క్లినిక్కు ఉండదు. వాళ్ళు చూపించేది ఎలుకల గ్రాఫు, దాని కింద ప్యాకేజీ ధర.