చాందా ప్రాంతపు ఱాళ్లలో ఎస్థీరియా కుటుంబము

వర్ధా లోయలోని బొగ్గుగనులలో లాల్‌పేట్ గని యొకటి. చంద్రపుర పట్టణము నానుకొనియున్న ఈ గనులకు పనికై వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబము లనేకము కలవు. అచటి బొగ్గు, భూగర్భశాస్త్రజ్ఞులు బరాకర్ శ్రేణి యని వ్యవహరించు పొరలలోనిది. సుమారు ఇరువదియెనిమిది కోట్ల సంవత్సరములకు పూర్వము చిత్తడినేలలలో పెరిగి కూలిన చెట్లే ఆ బొగ్గు. ఈ శ్రేణికి చెందిన నల్లని పలకఱాళ్లను చీల్చినచో నాలుక యాకారము గల ఆకుల ముద్రలు కనబడుట కలదు. వానికి గ్లాసోప్టెరిస్ అని పేరు.

శిలాజము లనగానే పాఠ్యపుస్తకములు చదివిన వారికి మొదట స్ఫురించునది ట్రైలోబైటు. మూడు పాయలుగా విభక్తమైన వీపు, అర్ధచంద్రాకారపు తల, అనేక కణుపుల నడుము, తోకఫలకము గల ఈ సముద్రప్రాణి సుమారు 52 కోట్ల సంవత్సరములనాడు శిలలలో మొదట గానవచ్చి, 25 కోట్ల సంవత్సరముల క్రిందట నశించినది. ఇప్పటికి ఇరువదివేలకు మించిన జాతులు వర్ణింపబడినవి. చాందా ప్రాంతమున ట్రైలోబైటు దొరకునా యను ప్రశ్న సహజమే. దొరకదు. దొరకకుండుటకు గల కారణము తెలిసికొన్నచో ఈ నేలయొక్క చరిత్ర సగము తెలిసినట్లే.

చంద్రపురము చుట్టునుగల సున్నపుఱాయి, అనగా నేడు సిమెంటు కర్మాగారములకు ఆధారమైనది, ట్రైలోబైటులు పుట్టుటకు చాలకాలము ముందే సముద్రగర్భమున పేరుకొన్నది. దానిపై నున్నవి తాల్చేరు శ్రేణి మంచుఱాళ్లు, వానిపై బొగ్గుపొరలు. సున్నపుఱాతికిని తాల్చేరునకును నడుమ కోట్లకొలది సంవత్సరముల శిలలు ఇచట లేవు. ట్రైలోబైటుల వైభవకాలమంతయు ఆ లేని పుటలలోనే గడచిపోయినది. బొగ్గు పేరుకొన్న కాలమున సముద్రములలో ట్రైలోబైటులు కొలదిగా మిగిలియున్న మాట నిజమే. కాని చాందా ప్రాంతము అప్పటికి సముద్రము కాదు. నదులు, మడుగులు, అడవులు గల నేల.

భారతభూమికి సంబంధించిన ట్రైలోబైటులకై ఉత్తరమునకు పోవలెను. నేడు పాకిస్తానులోనున్న ఉప్పుగుట్టలలో నోయెట్లింగు సేకరించిన ఒక ట్రైలోబైటును 1899లో రెడ్‌లిష్ అను పండితుడు వర్ణించి, హోఫెరియా నోయెట్లింగి యని పేరు పెట్టెను. ఆ ప్రజాతినామము అంతకు మున్నే వేఱొక ప్రాణికి చెల్లియుండుటచే 1902లో కాస్‌మన్ దానిని రెడ్‌లిషియా యని మార్చెను. దానినుండియే రెడ్‌లిషిడే కుటుంబమునకు పేరు వచ్చినది. కుటుంబముగా ఏర్పరచినవాడు పౌల్సెన్, సంవత్సరము 1927. పెద్దవై నెలవంకవలె వంగిన కన్నులు, పెక్కు కణుపులు, మిక్కిలి చిన్న తోక ఈ కుటుంబపు గురుతులు. హిమాలయములలోని స్పితియందును, చైనాయందును, ఆస్ట్రేలియాయందును దీని శిలాజములు లభించినవి. విచిత్రమేమనగా, అవే యుప్పుగుట్టలలోని పెర్మియన్ పొరలనుండి, వంశము నశించుటకు కొంచెము ముందు జీవించిన ట్రైలోబైటులను 1966లో గ్రాంట్ ప్రకటించెను. తొలితరము వారును తుదితరము వారును ఒకే కొండలవరుసలో దొరకుట అరుదైన విషయము.

ట్రైలోబైటును ఏ వర్గమున చేర్చవలెనను విషయమున పండితులు పడిన పాట్లు తక్కువ కావు. 17వ శతాబ్దాంతమున వేల్సు దేశమున లూయిడ్ దానిని చదునైన చేపగా భావించెను. లిన్నేయసు ఱాతిపురుగులలో జేర్చెను. ట్రైలోబైటు అను మాట 1771లో వాల్‌ష్ వాడినది. లాత్రెయి దానిని కైటను అను సముద్రపు నత్తజాతి చెంత నుంచెను. 1843లో బుర్‌మైస్టర్ మాత్రము, మంచినీటి మడుగులలో ఆకులవంటి కాళ్లతో నీదెడు ఫిల్లోపాడు క్రిములతో దీనిని పోల్చెను. కాళ్లు శిలలలో స్పష్టముగా కనబడినది తరువాత, అమెరికాలో వాల్కాట్, బీచర్‌లు చేసిన పరిశోధనలవలన. బీచర్ 1897లో ముఖముపైని అతుకుగీత పోయిన తీరునుబట్టి ట్రైలోబైటులను మూడు క్రమములుగా విభజించెను. ఆ విభజన నేడు నిలువలేదు. బుర్‌మైస్టర్ పోలికయు నిలువలేదు. కాని ఆతడు పోల్చిన ఫిల్లోపాడుల బంధువర్గమే చాందా ప్రాంతపు ఱాళ్లలో ట్రైలోబైటులు లేని కొఱత దీర్చినది.

ఆ బంధువర్గమే ఎస్థీరియాలు. పెసరగింజ మొదలు చింతగింజ వఱకు పరిమాణముగల రెండు పలుచని చిప్పల నడుమ రొయ్యవంటి దేహము దాచుకొన్న ప్రాణులివి. వానకాలమున నిండి వేసవిలో నెండు గుంటలలో జీవించును. గుంట ఎండినను గ్రుడ్లు మట్టిలో చెడక యుండి, మరల నీరు తగులగానే పొదుగును. ట్రైలోబైటు పెరిగినకొలది పాత కవచమును కుబుసమువలె విడచెడిది. కనుక ఒక్క ప్రాణినుండియే పెక్కు శిలాజములు కలుగవచ్చును. ఎస్థీరియా దేహమునకు కుబుసము విడచును గాని చిప్పను విడువదు. పాతచిప్ప క్రిందనే క్రొత్త యంచు పుట్టును. అందుచే చిప్పమీద వరుసవరుసగా వృద్ధిరేఖ లేర్పడును.

ఈ రేఖలే పండితులను చాలకాలము మోసపుచ్చినవి. అట్టి రేఖలు ఆలుచిప్పలకును ఉండును. కనుక ఐరోపాలో ఈ శిలాజములను పొసిడోనోమియా అను సముద్రపు ఆలుచిప్పలుగా లెక్కించిరి. ఇది కేవలము నామవివాదము కాదు. చిప్ప పొసిడోనోమియా యైనచో ఆ ఱాయి సముద్రమున పుట్టినది. ఎస్థీరియా యైనచో మంచినీటి మడుగున పుట్టినది. ఒక చిన్నచిప్పను ఏ కుటుంబమున చేర్చితిమను దానిపై దేశముయొక్క పూర్వస్వరూపమే యాధారపడియున్నది. బొగ్గునకై వెదకువారికి ఇది మఱింత ముఖ్యము. ఏ పొర యే కాలమునాటిదో తెలియనిచో బోరు ఎచట వేయవలెనో తెలియదు.

అట్టి కథ కోటగ్రామమున జరిగినది. సిరొంచకు ఎగువన ప్రాణహిత యెడమ యొడ్డుననున్న ఈ తెలుగు పల్లె పూర్వము చాందా జిల్లాలోనిది. 1982 నుండి గడ్చిరోలి జిల్లాలోనిది. అచటి సున్నపుఱాతిలో దొరకిన చేపలను ఎగర్టన్ 1851లో లెపిడోటస్ దక్కనెన్సిస్ అని వర్ణించెను. ఆ కాలముననే బెల్ అను వైద్యుడు కోటయొద్ద బోరు వేయించి, దాని ఫలితములను లండను భూగర్భశాస్త్ర సంఘ పత్రికలో 1852, 1853 సంవత్సరములలో ప్రకటించెను. కాని కోట పొరలు జురాసిక్ కాలమునాటివి. బొగ్గుగల బరాకర్ శ్రేణికిని వానికిని నడుమ కామ్‌ఠీ, మలేరి మున్నగు శ్రేణుల దళసరి యంతయు నున్నది. బొగ్గు పొర అచట నున్నను, ఆ కాలపు బోరునకు అందునది కాదు. ఈ లోయ పొరల వరుసను క్రమముగా నిర్ణయించినవి హ్యూస్ 1877లో వర్ధా లోయ బొగ్గుక్షేత్రముపైనను, విలియం కింగ్ 1881లో ప్రాణహిత గోదావరి లోయపైనను వ్రాసిన గ్రంథములు. సింగరేణి బొగ్గును లోకమునకు తెలిపినవాడును ఈ కింగే.

ఎస్థీరియాల చరిత్రలో ముఖ్యుడు స్టీఫెన్ హిస్లాప్. స్కాట్లండునుండి 1845లో నాగపురమునకు వచ్చిన క్రైస్తవ మతబోధకుడీతడు. బోధనకై గ్రామములు తిరుగుచు ఱాళ్లను సేకరించెను; సహచరుడైన హంటరుతో గూడి నాగపుర పరిసర భూగర్భమును గూర్చి వ్రాసిన పత్రము 1855లో వెలువడినది. గోండుల భాషను, కథలను సైతము సేకరించినవాడగుటచే, తెలుగునకు సోదరభాషయైన గోండీకిని ఆతడు చేసిన మేలు చిన్నది కాదు. 1863లో ఒక వాగు దాటుచు మునిగి మరణించెను. గోండులను గూర్చిన ఆతని వ్రాతలను టెంపుల్ 1866లో ప్రకటించెను.

నాగపురమునకు దక్షిణముగా సుమారు 60 మైళ్ల దూరమున, వర్ధా లోయలోని మంగళి యను గ్రామపు ఱాతిగనులు హిస్లాప్ దృష్టికి వచ్చినవి. అచటి యెఱ్ఱని ఇసుకఱాతిలో దొరకిన ఒక చదునుతల ఉభయచరపు కపాలమును ఓవెన్ పండితుడు బ్రేకియాప్స్ లాటిసెప్స్ అని వర్ణించెను. ఆ కపాలముతోబాటు లెక్కలేనన్ని చిన్నచిప్పలును లభించినవి. రూపర్ట్ జోన్స్ 1862లో ప్రకటించిన శిలాజ ఎస్థీరియాల గ్రంథమున మంగళి చిప్పలకు ఎస్థీరియా మంగళియెన్సిస్ అనియు, కోట చిప్పలకు ఎస్థీరియా కోటహెన్సిస్ అనియు పేర్లు పెట్టబడినవి. జోన్స్ చిప్పల సూక్ష్మనిర్మాణమును సూక్ష్మదర్శినితో పరీక్షించి, రేఖల నడుమ గల అల్లికనుబట్టి అవి ఆలుచిప్పలు కావని స్థాపించెను. కోట యను తెలుగుపదమునకు చివర నొక హకారము తగిలినను, ఆ పల్లె పేరు శాస్త్రనామమున స్థిరపడినది. గ్రామముల పేర్లును, హిస్లాప్ పేరును నిలిచినవి. ఱాతిని పగులగొట్టిన కూలివాని పేరు మాత్రము నిలువలేదు.

మంగళి చిప్పల జాతియే రాణీగంజ్ క్షేత్రమున బొగ్గుపొరలకు పైనున్న పాంచేతు శ్రేణియందును గుర్తింపబడినది. అందుచే మంగళి పొరలు ట్రయాసిక్ కాలారంభమునకు చెందినవను అభిప్రాయమునకు బలము చేకూరినది. ఇది బొగ్గు వెదకువారికి పనికివచ్చిన నిర్ణయము; ఈ చిప్పలు కనబడినచో బొగ్గు క్రిందనే గాని పైన నుండదు. ఆ జాతిపేరే అర్జెంటీనా శిలాజములకును 19వ శతాబ్దమునందే పెట్టబడినది. ఆ గుర్తింపును తరువాతి పండితులు సరిదిద్దిరి. రేఖల లెక్క, చిప్ప వంపు మాత్రమే చూచి జాతిని నిర్ణయించినచో ఇట్టి పొరపాటులు తప్పవు. ఱాతిలో నలిగిన చిప్ప వంపు మారును.

ఇక ఎస్థీరియా యను పేరే నిలువలేదు. 1837లో ఆ పేరు ఈ ప్రాణికి పెట్టుటకు ముందే, 1830లో రోబినో దెవోయిది ఒక యీగకు అదే పేరు పెట్టియుండెను. మొదటివానిదే హక్కు అను జంతునామశాస్త్ర నియమమునుబట్టి పేరు ఈగకే దక్కినది. అందుచే జీవించియున్న జాతులను సైజికస్ మున్నగు ప్రజాతులలోనికి, శిలాజములను యూఎస్థీరియా మున్నగు వానిలోనికి మార్చిరి. జోన్స్ పెట్టిన జాతినామములు మాత్రము చెక్కు చెదరలేదు. సార్స్ 1867లో ఈ ప్రాణులన్నింటికిని కాంకోస్ట్రాకా యను క్రమమును కల్పించెను. అదియు నేడు ఒక్క వంశముగా అంగీకరింపబడుట లేదు. దానిలోని ఒక శాఖ, ఇతర శాఖలకంటె నీటిఈగలకు, అనగా డాఫ్నియా మున్నగు క్లాడోసెరాలకు, దగ్గఱ చుట్టమని తేలుటయే దీనికి కారణము.

ఆ శాఖ పేరు సైక్లెస్థీరియా. దాని కథ మరల నాగపురమునకే వచ్చును. హిస్లాప్ నాగపుర మడుగులనుండి సజీవములైన చిన్న చిప్పక్రిములనుగూడ సేకరించి లండనునకు పంపెను. బెయిర్డ్ వానిని 1859లో వర్ణించి, ఒకదానికి ఎస్థీరియా హిస్లోపి యని పేరు పెట్టెను. ఇరువదియెనిమిది సంవత్సరముల తరువాత సార్స్ నార్వేలో, ఆస్ట్రేలియానుండి తెప్పించిన ఎండుమట్టిని తొట్టిలో నీటబోసి అవే క్రిములను పుట్టించి, 1887లో వానికి సైక్లెస్థీరియా యను క్రొత్త ప్రజాతిని ఏర్పరచెను. తక్కిన చిప్పక్రిములవలె గాక ఇది పిల్లలను తన చిప్పలోననే పెంచును. ఆ గుణమున నీటిఈగలను బోలును. ఉష్ణమండలమంతట ఇది యొకే జాతియని చిరకాలము నమ్మిరి. జన్యుపరీక్షలు చేసి 2013లో ష్వెంట్నర్ మున్నగువారు, ఇందు పైకి ఒకటిగా కనబడు పెక్కు జాతులు గలవని చూపిరి. ఒకే మనుష్యుడు ఒకే ప్రాంతమునుండి ఒక వర్గపు మృతజాతిని, జీవజాతిని గూడ శాస్త్రమునకు అందించుట గమనింపదగినది. తాను ఱాతిలో చూచినదియు, గుంటలో చూచినదియు చుట్టములని హిస్లాప్ కాలముననే తెలిసియుండుటచేతనే జోన్స్ పని సుగమమైనది.

కోట పొరల చిప్పలకు 20వ శతాబ్దమున వేఱొక ప్రయోజనము కలిగినది. అమెరికా పండితుడు పాల్ టాష్ అంటార్కిటికా పర్వతములలో లావాపొరల నడుమ చిక్కిన జురాసిక్ చిప్పక్రిములను సేకరించి, భారతీయ పండితులతో గూడి గోండ్వానా శిలలలోని చిప్పలను పరిశీలించెను. మంచినీటి క్రిమి యుప్పుసముద్రమును దాటి బ్రతుకజాలదు. కనుక ఖండముల చిప్పలకు పోలిక యున్నచో ఆ నేలలు ఒకప్పుడు కలిసియుండెనని ఆతని వాదము. ఎండిన గ్రుడ్లు గాలితో, పక్షులతో దూరముపోవునను ఆక్షేపణ కలదు. అది త్రోసిపుచ్చదగినది కాదు. అయినను ఆకుముద్రలు, సరీసృపములు, అగ్నిశిలలు, సముద్రగర్భపు సాక్ష్యములు అన్నియు ఖండముల చలనమును నిలబెట్టిన పిమ్మట, చిన్నచిప్పల సాక్ష్యము వానిలో నొకటిగా చేరినది. 1987లో టాష్ ప్రకటించిన గ్రంథమున దక్షిణార్ధగోళపు జాతులతో బాటు మంగళి, కోట జాతులును చోటు చేసికొన్నవి.

ఆ కలిసిన మహాఖండమునకు గోండ్వానాభూమి యని 1885లో సూయెస్ పెట్టిన పేరు, అంతకు మున్ను 1870వ దశకమున మెడ్లికాట్, ఫైస్ట్‌మాంటెల్‌లు ఈ బొగ్గుపొరలకు వాడిన గోండ్వానా యను పేరునుండి వచ్చినది. గోండురాజుల రాజధానులలో నొకటి చంద్రపురము. ఆ కోటగోడల కావలనే లాల్‌పేట్ గనులు.