మనము భుజించు బియ్యము: పుట్టుపూర్వోత్తరములు

మన సంఘీయులలో పలువురు నేడు జూబిలీ హిల్సునందును ఫిలింనగరునందును స్థిరనివాసము లేర్పరచుకొనియున్నారు. సభావేదికలపై తాము రైతుబిడ్డలమని చెప్పుకొనుట వారికి పరిపాటి. ఈ మాట అసత్యము కాదు. కాని తాము రెండుపూటలు భుజించు బియ్యమేది, అది యే నేల పండినది, దానిని నాటినదెవరు అని యడిగినచో, సంచిపై ముద్రించిన బొమ్మను చూచి బదులు చెప్పువారే తఱచు. కావున ఆ బియ్యము చరిత్రను ఈ సంచికలో కొంత విన్నవింపదలచితిమి.

జూబిలీ హిల్సు శిలామయమైన గుట్టల ప్రదేశము. వరికి తగిన నేల కాదు. అయినను అచ్చటి భవనములకు వరిపొలములతో బాంధవ్యము గలదు. ధవళేశ్వరమువద్ద గోదావరికి 1852లోను, బెజవాడవద్ద కృష్ణకు 1855లోను ఆనకట్టలు పూర్తియైన పిదప డెల్టా రైతులకు కలిమి కలిగెను. ఆ కలిమిలో కొంత చిత్రములకు పెట్టుబడియై మద్రాసు చేరినది. 1939లో గూడవల్లి రామబ్రహ్మముగారు “రైతుబిడ్డ” చిత్రమును నిర్మించిరి. కృష్ణాజిల్లా రామాపురములో రైతుకుటుంబమున జన్మించిన అక్కినేని నాగేశ్వరరావుగారు 1955లో “రోజులు మారాయి” చిత్రమున రైతుగా నటించి, ఇరువది యేండ్ల పిమ్మట బంజారా హిల్సున అన్నపూర్ణా స్టూడియోను నెలకొల్పిరి. ఫిలింనగరున స్టూడియో కట్టించిన దగ్గుబాటి రామానాయుడుగారు కారంచేడు గ్రామస్థులు. చిత్రరంగమునకు రాకపూర్వము బియ్యపుమిల్లు నడపినవారు. ఇట్లు తెరమీది రైతును లోకమంతయు ఎఱుగును. పళ్లెములోని బియ్యమునే ఎఱుగరు.

కారంచేడునకు సమీపముననే బాపట్ల యున్నది. అచ్చట 1945లో వ్యవసాయ కళాశాల యేర్పడినది. ఆ బాపట్లలో రూపొంది 1986లో విడుదలయైన వంగడమే బి.పి.టి. 5204. దీనికి సాంబమసూరి యని నామాంతరము. నేడు హైదరాబాదు అంగళ్లలో సోనామసూరి యనియు కర్నూలు బియ్యమనియు అమ్మబడు సంచులలో పెక్కింటనుండునది యిదియే. నిజమునకు సోనామసూరి వేఱొక వంగడము, అదియును బాపట్లదే. కాని అంగడివాని పేర్లకు శాస్త్రముతో పనియేమి?

సాంబమసూరి వంశవృక్షము మిక్కిలి వింతయైనది. సాంబ యను పేరు కిచ్చిలిసాంబనుండి వచ్చినది. దానిని కోయంబత్తూరు వరి పరిశోధన స్థానమువారు జి.ఇ.బి. 24 అను పేర 1921లో వెలువరించిరి. రెండవది పొట్టిపైరగు తైచుంగ్ నేటివ్ 1, ఇది తైవానుది. ఈ రెంటి సంకరమును మరల మసూరితో కలిపిరి. ఆ మసూరి 1965లో మలయాదేశమున విడుదలయైనది. కావున “మన తాతలనాటి బియ్యము” అని మనము మురిసి భుజించునది మూడు దేశముల పంట కలయిక. దాని వయస్సు నలుబది యేండ్లకు మించదు. ఇందు సిగ్గుపడవలసినది లేదు. పంటల చరిత్రమంతయు ఇట్టిదే.

దీని గింజ సన్నము, అన్నము మెత్తన. కాని పొలములో దీని గుణము వేఱు. కోతకు వచ్చుటకు సుమారు నూటయేబది దినములు పట్టును. మారుటేరు వంగడమగు కాటన్‌దొర సన్నాలు నూటయిరువది దినములలోనే పండును. ఆ అధికమైన నెల దినములును రైతునకు గండమే. అగ్గితెగులు, ఎండాకుతెగులు దీనిని సులభముగ సోకును. కోతవేళకు తుపానులు వచ్చును. నగరవాసి సన్నబియ్యము కోరుచున్నంతకాలము రైతు ఈ గండమును భరింపక తప్పదు. ఎండాకుతెగులుకు విఱుగుడుగా హైదరాబాదులోని కణజీవశాస్త్ర పరిశోధన కేంద్రమును, రాజేంద్రనగరు వరి పరిశోధన సంస్థయును కలసి, మూడు నిరోధక జన్యువులను సంకరము ద్వారా చేర్చి, మెఱుగుపఱచిన సాంబమసూరిని 2008లో విడుదల చేసిరి. ఇది జన్యుమార్పిడి పైరు కాదు. అయినను ప్రయోగశాల యన్న మాట వినినంతనే ముఖము చిట్లించువారు మనలోనే యున్నారు. తాము తినునది యెల్లకాలము పరిశోధకుల కృషిఫలమే యని వారెఱుగరు.

1967లో నాగార్జునసాగరు కాలువలకు నీరు వదలిన తరువాత ఎడమకాలువ క్రింద వరి విస్తరించెను; మిర్యాలగూడ మిల్లులకు నెలవైనది. కర్నూలు, నంద్యాల ప్రాంతపు బియ్యమునకును రాజధానిలో పేరు వచ్చినది. ధాన్యము కళ్లమునుండి మిల్లునకు, మిల్లునుండి టోకువర్తకునకు పోవునప్పటికి ఊరిపేరు చెఱగి, సంచిమీద దేవతయో సింహమో వెలయును. 1999 జనవరి 26న ప్రారంభమైన రైతుబజారులు కూరగాయల విషయమున ఈ లోపమును కొంత తీర్చినవి. ఎఱ్ఱగడ్డ బజారునందు వంకాయ పండించినవానినే చూడవచ్చును. కాని వరి మిల్లాడక తినుటకు పనికిరాదు గనుక, బియ్యపు రైతు మన కంటబడుట లేదు.

ఇంకొక మాట, అప్రియమైనను చెప్పక తప్పదు. ఊరిలో పొలము మన పేరనున్నను, దున్నువారు కౌలుదారులు. నాట్లు వేయువారు ఎక్కువగ కూలిస్త్రీలు. వారు తఱచు అన్యకులములవారు. తెలంగాణమున 2018 మే 10న ప్రారంభమైన రైతుబంధు పథకమున ఎకరమునకు పంటకు నాలుగువేల రూపాయలు పట్టాదారునకే చెల్లెను, కౌలుదారునకు కాదు. ఆంధ్రప్రదేశమున 2019లో చేయబడిన చట్టము కౌలుదారునకు పదునొకండు నెలల పత్రమిచ్చెను. కాని దానికి భూమి యజమాని యొప్పుదల కావలసివచ్చెను. సంతకము పెట్టుటకు జంకిన యజమానులెందఱో మన బంధువర్గమునందే గలరు. భూమి పోవునను భయము వారిది. పంటనష్టమైనచో అప్పు మాత్రము మిగులునను భయము కౌలుదారునిది. ఈ రెండు భయములును సమానములని మేము తలపము.

పోషకమహాశయులకు ఒక మనవి. మన మహాసభలలో అన్నదాతలనిన భోజనముల వ్యయము భరించిన దాతలు. వారి పేర్లు సంచికలో అచ్చగుచున్నవి. రాబోవు సభనాటికి భోజనశాల ద్వారమున ఒక పలక కట్టించి, ఆనాటి బియ్యపు వంగడము, పండిన గ్రామము, సాగుచేసిన కౌలుదారు, నాటిన కూలీల పేర్లు వారి సమ్మతితో వ్రాయింతురని కోరుచున్నాము. బియ్యమును మిల్లునుండి కాక, గ్రామమున ధాన్యముగ కొని ఆడించిననే యీ వివరములు దొరకును. దానికి కోతలకు ముందే ఏర్పాటు చేయవలసియుండును.